వాగు మీద ఆరబెట్టిన తాడు

మా తమ్ముడి మనవరాలికి ఈమధ్య మండల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం పట్టుకుని నేరుగా నా దగ్గరకు వచ్చి, "తాతా, నువ్వు ముప్పై ఏండ్లు గిదే కొలువు చేసినవ్ గదా, ముందుగాల ఏం చదువుకోవాల్నో చెప్పు" అంది. రూల్సు చదువుకో అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే నేను రూల్సు శ్రద్ధగా చదివినవాణ్ణి. బాన్సువాడ పంచాయతీ సమితిలో నా అంత బాగా చదివినవాడు లేడని ముగ్గురు బీడీఓలు నా ముఖం మీదే అన్నారు. వాళ్లలో ఇద్దరు పొగడ్తగానే అన్నారు.

అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. వాటి మీద మా ఆవిడకే ఆసక్తి లేకపోయింది, మీకేం ఉంటుంది! రిటైరైన రోజు కప్పిన శాలువా సంగతి కూడా ఉండదు, అది మొదటి ఉతుకుకే పోయింది. ఉన్నదల్లా ఒక గ్రాంటు, దాని రూల్సు, ఒక వాగు, ఒక తాడు. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని మెత్తగా చెప్పే ఉద్దేశం నాకు లేదు.

వాన పైసలు

నేను చేరింది 1969లో. ఆ ఏడు తెలంగాణ అంతా ఊరేగింపులు, బందులు. బస్సులు నడవకపోతే చెరకు లారీ ఎక్కి, గడలను కౌగిలించుకుని బాన్సువాడలో దిగాను. గీరుకుపోయిన చేతులతోనే జాయినింగ్ రిపోర్టు రాశాను. అప్పటికి మండలాలు లేవు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకటే సమితి, దానికి పెద్ద బీడీఓ. బడి కప్పు కారినా, బోరింగు చెడిపోయినా, కోళ్లకు తెగులొచ్చినా అందరూ వచ్చి మా వరండాలోనే కూర్చునేవారు. నాకు స్టోరు అప్పజెప్పారు. అంటే గోదాము తాళంచెవి నా జేబులో ఉంటుంది, గోదాములో ఏం పోయినా నా జీతంలో కోత పడుతుంది.

కొన్నేళ్లకు పై ప్రభుత్వానికి ముందుచూపు కలిగింది. వరద వచ్చాక పరుగెత్తడం కాదు, రాకముందే సిద్ధంగా ఉండాలని సమితులకు ఏటా కొంత గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టారు. దాని అసలు పేరు పూర్తిగా చెప్పాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. మేం వాన పైసలు అనేవాళ్లం. ఉద్దేశం చాలా మంచిది, వెటకారంగా అనడం లేదు. కానీ పైసల కంటే ముందు రూల్సు వచ్చాయి, అవి వచ్చిన కవరు కూడా పెద్దది.

వాటి సారం ఇదీ. వస్తువులు కొనవచ్చు. కూలి ఇవ్వరాదు, రిపేర్లు చేయించరాదు, నిర్మాణాలు చేపట్టరాదు. కొన్న వస్తువును గోదాములో పెట్టి, అత్యవసర పరిస్థితి ప్రకటించాకే బయటికి తీయాలి. అది ప్రకటించాలంటే తాసిల్ ఆఫీసు ఆవరణలో ఉన్న వర్షమాపకంలో ఇంత అని వాన పడాలి. ఇవన్నీ కుదిరినా కుదరకపోయినా మార్చి నెలాఖరుకల్లా మొత్తం ఖర్చయిపోవాలి.

ఈ రూల్సు పట్టుకుని మేం చేసిన ఘనకార్యాలు అన్నీ ఇన్నీ కావు. చెరువు గట్టు తెగితే అడ్డం వేయడానికి గోనెసంచులు కొనవచ్చు. ఇసుక కొనరాదు, ఎందుకంటే ఇసుక వాగులో ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికే ఆ ఇసుకను సంచిలోకి ఎత్తే మనిషికి కూలి ఇవ్వరాదు. లాంతర్లు కొన్నాం. కిరసనాయిలు మాత్రం నెలనెలా అయ్యే ఖర్చు కిందికి వస్తుంది కనుక కొనలేదు. మార్చిలో కొన్న బ్లీచింగ్ పౌడరు వానలు పడేనాటికి ఘాటు చచ్చి ముగ్గుపిండి అయ్యేది. మా చప్రాసీ మహబూబ్ దాన్ని వాసన చూసి, "గిప్పుడు దీన్తోని ఈగ గూడ చావది సాబ్, జెర తుమ్ముతది గంతే" అనేవాడు. అయినా మళ్లీ మార్చి వచ్చేది, మళ్లీ కొనేవాళ్లం.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను కానీ అప్పట్లో నాకు ఇందులో నవ్వవలసింది ఏమీ కనిపించలేదు. ఖాళీ సంచులు రిజిస్టరులో ఉన్నన్ని గోదాములో ఉంటే చాలు, నాకు హాయిగా నిద్ర పట్టేది.

కొనవచ్చును, కట్టరాదు

బాన్సువాడకు రెండు కోసుల దూరంలో, వాగు అవతల ఒక లంబాడీ తండా ఉంది. ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ వాగులో కాలి మడమ తడవదు. వానాకాలంలో మాత్రం దాని బుద్ధి ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు. తండా పెద్ద పేరు ధర్మా నాయక్. పొట్టి మనిషి, ఎర్ర తలపాగా, మాట తక్కువ. ప్రతి ఏటా మృగశిర ముందర మా ఆఫీసుకు వచ్చి ఒకే కోరిక కోరేవాడు.

"సారూ, వాగుకు అడ్డంగ ఒక్క తాడు కట్టియ్యి. రెండు దిక్కుల మద్దిచెట్లున్నయి. గీ చెట్టు సంది గా చెట్టు దాంక. పట్టుకోని దాటుకుంటం. మాకింకేం వద్దు."

ఇంత చిన్న కోరిక మా ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు. బ్రిడ్జి అడిగితే ఆశ్చర్యపోయేవాళ్లం కాదు. వాన పైసలు వచ్చాక అప్పటి బీడీఓ నన్ను పిలిచి, "ఆ నాయక్ తాడు సంగతేంటో రూలు చూసి నోట్ పెట్టవయ్యా విఠల్" అన్నాడు. ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. సంతకం పెట్టేముందు కలం కూడా కాసేపు ఆలోచించేది.

నేను రెండు పేజీల నోట్ రాశాను. కొనదగిన వస్తువుల జాబితాలో నారతాళ్లు ఉన్నాయి కనుక తాడు కొనవచ్చు. కానీ ఆ తాడును రెండు చెట్లకు కట్టగానే అది వస్తువు కాకుండా పోతుంది. వాగు దాటే ఏర్పాటు అవుతుంది, అంటే నిర్మాణం అవుతుంది. నిర్మాణానికి ఇంజనీరు అంచనా కావాలి, మంజూరు కావాలి, టెండరు కావాలి. పైగా ఈ గ్రాంటులో నిర్మాణాలే కూడవు. చివరి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "తాడు కొనవచ్చును, కట్టరాదు."

బీడీఓ అది రెండుసార్లు చదివాడు. "ఏం రాశావయ్యా! ఆడిట్ వాడి తాత దిగొచ్చినా వేలు పెట్టలేడు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఈ మాట మా ఆవిడకు చెప్పుకుని మురిసిపోయాను. ఎంత వెధవగా ఉండేవాణ్ణో మీకు తెలియడానికే ఈ సంగతి దాచకుండా చెబుతున్నాను.

తాడు కొన్నాం. మణికట్టంత లావు, మంచి సరుకు. చుట్టగా చుట్టి, స్టాకు నంబరు వేసిన అట్టముక్క దానికి కట్టి గోదాములో పెట్టాను. నాయక్ వచ్చినప్పుడు గర్వంగా చెప్పాను.

"తాడు కొన్నం నాయక్. మీ కోసమే ఉన్నది."

"యాడున్నది సారూ?"

"గోదాంల."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వాగు గోదాంల లేదు గదా సారూ" అన్నాడు. మహబూబ్ పక్కకు తిరిగి దగ్గాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. రూలు తెలియని మనిషితో ఏం మాట్లాడతాం అనుకున్నాను.

ఎండలో వచ్చిన వరద

ఆ వానాకాలంలోనే ఒక సంత రోజు. బాన్సువాడలో ఆకాశం నీలంగా, ఎండ చుర్రుమంటోంది. పొద్దున వర్షమాపకం చూసి వచ్చిన తాసిల్ గుమాస్తా సున్నా అని రాసుకుని చాయ్ తాగడానికి పోయాడు. పదకొండు గంటలప్పుడు ధర్మా నాయక్ వరండాలోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తలపాగా ఊడి మెడలో పడింది.

"సారూ, తాడు ఇయ్యి. జల్ది ఇయ్యి."

పొద్దున ఆయన సంతకు వచ్చేటప్పుడు వాగులో మోకాలు దాకా కూడా నీళ్లు లేవు. తిరిగి పోయేసరికి చెట్లు కొట్టుకొస్తున్నాయి. పైన ఎక్కడో అడవి దిక్కున రాత్రంతా కురిసింది. అవతలి ఒడ్డు నుంచి అల్లుడు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచి చెప్పాడు. నాయక్ కూతురు సోనీబాయి తొలికాన్పుకు తండాకు వచ్చి ఉంది. తెల్లవారుజాము నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, తండా మంత్రసాని చేతులెత్తేసింది. తాడు ఉంటే ఏదో తిప్పలు పడి నర్సును అవతలికి తీసుకుపోవచ్చు.

నేను అన్న మొదటి మాట రాస్తున్నాను, చదువుకోండి. "ఎమర్జెన్సీ ఇంకా డిక్లేరు గాలేదు నాయక్."

"గదేంది సారూ?"

"వాన పడాలె. ఈడ పడలేదు."

"వాన ఈడ పడకుంటె ఏంది, నీళ్లు ఈడ వచ్చినయ్ గదా! నా బిడ్డ సస్తున్నది సారూ!"

బీడీఓ నిజామాబాదులో మీటింగులో ఉన్నాడు. ట్రంకాల్ బుక్ చేశాను. లైను దొరకలేదు. మళ్లీ చేశాను. నాయక్ ముందు కూర్చున్నాడు, తరువాత లేచి నిలబడ్డాడు, తరువాత నా బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులూ దాని మీద పెట్టి నా ముఖంలోకి చూశాడు. నేను ఫోను వైపు చూశాను. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. గోదాము నా కుర్చీకి పది అడుగుల దూరం.

లైను దొరికేసరికి గంటన్నర అయింది. నేను గబగబా చెప్పాను. బీడీఓ అడిగాడు: "అక్కడ వర్షం పడుతోందా?"

"లేదండి. ఎండ కాస్తోంది."

"వర్షమాపకంలో?"

"సున్నా అండి."

"మరి వరదేమిటయ్యా? రేపు నేనొచ్చాక చూద్దాం. తొందరపడి తాళం తీయకు." లైను తెగింది.

తలెత్తి చూస్తే వరండా ఖాళీ. నాయక్ ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా నేను గమనించలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ధైర్యం వచ్చి తీశానని చెప్పుకోవాలని ఉంది కానీ కాదు, ఆ ఖాళీ వరండా చూసి భయపడి తాళం తీశాను. తాడును మహబూబ్ సైకిల్ మీద వేసి ఇద్దరం వాగు దిక్కు పరుగెత్తాం. దగ్గరికి పోయాక బురదలో సైకిల్ కదలకపోతే తాడు భుజాన వేసుకున్నాను.

చేరేసరికి రెండున్నర దాటింది. ఒడ్డున జనం ఉన్నారు. నీళ్లలో ఒక పెద్ద ఇనుప పెనం ఇటు వస్తోంది. చెరకు రసం కాచి బెల్లం వండే పెనం, పది మంది కూర్చోవచ్చు. దానికి మోట తాళ్లు కట్టి ఇటునుంచి ఎనిమిది మంది, అటునుంచి కొంతమంది పట్టుకున్నారు. ఆ పెనం లింగారెడ్డిది. వాగు ఇవతల చెరకు పండించే రైతు, గానుగ ఉన్నవాడు. నాయక్ మా వరండా నుంచి నేరుగా ఆయన దగ్గరికే పోయాడు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఎడ్లబండి మీద పెనం వేసి, దారిలో దవాఖాన నుంచి నర్సు రత్నమ్మను ఎక్కించుకుని వచ్చాడు.

పెనంలోంచి రత్నమ్మ దిగింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ప్రత్యేకంగా ఎవరినీ చూడకుండా అంది: "తల్లి దక్కింది. పిలగాడు దక్కలే. ఒక్క గంట ముందుగాల పోతే ఇద్దరు దక్కుతుండె."

లింగారెడ్డి నా భుజం మీది తాడు చూశాడు. "గిదేంది సారూ, కొత్తదున్నట్టున్నది?" అన్నాడు. నా చేతిరాతతో స్టాకు నంబరు ఉన్న అట్టముక్క ఇంకా దానికి వేలాడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తాడును మళ్లీ గోదాముకు మోసుకుపోయి అదే మూలన పెట్టాను. రిజిస్టరు ప్రకారం ఆ రోజు మా ఆఫీసులో ఏమీ జరగలేదు.

చాలా రోజులు అన్నం సహించలేదు. తప్పు బీడీఓది అనుకుందామని చూశాను, కుదరలేదు. ఆయన వాగును చూడలేదు. రూలుది అనుకుందామని చూశాను. రూలు ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపదు. తాళం తీస్తే నాకేం అవుతుందో అని నేనే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఆ గంటన్నరలో నేను చేసిన పని అదొక్కటే.

గాలి బాగా వీచు ప్రదేశం

మరుసటి ఏడు బీడీఓ మారాడు. కొత్తాయన కరీంనగర్ దిక్కు మనిషి, చిన్న వయసు, చార్మినార్ సిగరెట్లు, ఫైలులో ప్రతి కాగితం చదివే అలవాటు. నేను జరిగిందంతా చెప్పి, నా రెండు పేజీల నోట్ ఆయన ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"విఠల్ సాబ్, గీ రూలు ఎందుకు పుట్టిందో ఎరికేనా? యాడనో ఒకడు కట్టని కట్టకు బిల్లు లేపిండు. గా దొంగ కోసం రాసిండ్రు. నువ్వేమో ధర్మా నాయక్‌ను గా దొంగ జాగాల నిలబెట్టినవ్." సిగరెట్ పొగ వదిలి మళ్లీ అన్నాడు: "కట్టద్దన్నరు. సరే. ఇంకేం చెయ్యొచ్చో సూడు. చదివినోనివి గదా."

నా నౌకరీ మొత్తంలో నాకు పనికొచ్చిన పాఠం ఇదే. ఏం చేయకూడదో వెతకడానికి నేను రూల్సు చదివేవాణ్ణి. ఏం చేయవచ్చో వెతకడానికి చదవమని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు. వారం రోజులు కూర్చుని అన్నీ మళ్లీ చదివాను. స్టోరు సామాను కాపాడే పద్ధతుల్లో ఒక మూల దొరికింది. నారతాళ్లు చివికిపోకుండా అప్పుడప్పుడు గాలికి ఆరబెట్టాలి. ఎక్కడ ఆరబెట్టాలో లేదు. ఎన్నాళ్లు ఆరబెట్టాలో లేదు.

నోట్ రాశాను. గోదాములో గాలి ఆడనందున, తాడు చివికిపోవు ప్రమాదమున్నందున, గాలి బాగా వీచు ప్రదేశంలో ఆరబెట్టుటకు అనుమతి కోరడమైనది. ప్రదేశం: తండా వాగు. ఆధారం: ఇరువైపులా గల మద్దిచెట్లు. కాలం: మృగశిర మొదలు వానలు తగ్గువరకు.

బీడీఓ నవ్విన నవ్వుకు సిగరెట్ బూడిద ఫైలు మీద రాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉండి ఉంటుంది. నవ్వడం అయిపోయాక ముఖం సరిచేసుకుని, "అనుమతించడమైనది. బాధ్యత నాది" అని రాసి సంతకం పెట్టాడు. బాధ్యత నాది అనే మాట ఒక అధికారి చేతిరాతలో చూడడం నాకు అదే మొదలు. తరువాత కూడా ఎక్కువసార్లు చూడలేదు.

పెనం కూడా కొన్నాం. వరద బాధితులకు గంజి కేంద్రం పెట్టడానికి వంటపాత్రలు కొనవచ్చని జాబితాలో ఉంది, పాత్ర ఎంత పెద్దది ఉండాలో లేదు. లింగారెడ్డి వచ్చి, వేళ్లతో కొట్టి చప్పుడు విని మంచిది ఏరిపెట్టాడు. "సారూ, గీన్ల ఒక్కపారి గంజి కాస్తె బాన్సువాడంత తాగంగ మిగిలినదాన్ల ఎడ్లను కడగొచ్చు" అన్నాడు. దాన్ని తన కొట్టంలోనే ఉంచుకుని, ఏటా వానలకు ముందు అడుగున తారు పూయించేవాడు.

ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఇదే తెలివితో గోదాములకు గోదాములు ఖాళీ చేసినవాళ్లను కూడా చూశాను. వాళ్ల నోట్ నాదానికంటే అందంగా ఉండేది. కాకపోతే వాళ్ల సామాను ఎక్కడుందని అడిగితే చూపించలేరు. మా తాడు ఎక్కడుందో ఫైలులోనే రాసి ఉంది, ఎవరైనా పోయి చూసుకోవచ్చు. మీరు రూలును వంచదలిస్తే పట్టపగలు, సంతకం పెట్టి వంచండి.

ఆరని తాడు

చూడడానికి నిజంగానే ఒకాయన వచ్చాడు. హైదరాబాదు నుంచి ఆడిటర్. సన్నగా, తెల్లగా, తన నీళ్ల గ్లాసు తనే తెచ్చుకునే రకం. ఫైలు చదివి, వస్తువును కళ్లతో చూడాలన్నాడు. అప్పుడు మంచి వానాకాలం, సన్నగా జల్లు పడుతోంది. గొడుగు పట్టి వాగు దగ్గరికి తీసుకుపోయాను. ధర్మా నాయక్ ఒడ్డునే ఉన్నాడు.

"ఇదేమిటి?"

"తాడు సార్."

"తాడని తెలుసు. ఇక్కడేం చేస్తోంది?"

"ఆరుతోంది సార్."

ఆయన కళ్లద్దాలు తీసి, వాన చినుకులు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "వానలోనా?"

"గాలి బాగా వీస్తుంది సార్."

సరిగ్గా అప్పుడే తండా ఆడవాళ్లు ఇద్దరు, ఒక మేకపిల్లతో సహా, పెనంలో కూర్చుని తాడు పట్టుకుని లాక్కుంటూ ఇటు వస్తున్నారు. ఆడిటర్ వేలు చూపించాడు. "వాళ్లెవరు? ఆ తాడును ఎందుకు పట్టుకున్నారు?"

నేను గొడుగు సరిచేశాను. ధర్మా నాయక్ మాత్రం తడుముకోలేదు. "తాడు ఎండిందో లేదో పట్టి సూస్తుండ్రు సారూ" అన్నాడు.

ఆడిటర్ నవ్వలేదు. ఆయన నవ్వడం నేను చూడలేదు. లింగారెడ్డి ఇంట్లో చాయ్ తాగి బస్సెక్కి పోయాడు. నెల తరువాత ఆడిట్ పేరా, అంటే అభ్యంతరం, రాతపూర్వకంగా వచ్చింది. సదరు తాడు మూడు వర్షాకాలములుగా ఆరబెట్టుచున్నప్పటికీ ఇంతవరకు ఆరినట్లు దాఖలా లేదు. కారణములు తెలుపవలెను. ఈ పేరా పరిష్కారమగు వరకు సదరు వస్తువును ఉన్న చోటు నుండి తొలగించరాదు.

మళ్లీ తడిసినదని జవాబు రాశాం. ఎందుకు తడిసినదని అడిగారు. వాన కురిసినదని రాశాం. ఇట్లా ఏళ్ల తరబడి నడిచింది. తరువాత వచ్చిన బీడీఓల్లో ఒకాయన తాడు సంగతి తెలిసి హడలిపోయి, వెంటనే తీయించేయమన్నాడు. నేను పేరా చూపించాను. పరిష్కారం కాని ఆడిట్ పేరాను ముట్టుకునే మగాడు సమితిలో ఇంకా పుట్టలేదు. పాత తాడు చివికితే కొత్తది తెచ్చి అదే చోట ఆరబెట్టాం. ఆ ఆడిటర్ కావాలని అట్లా రాశాడో, స్వభావం కొద్దీ రాశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

బాన్సువాడలో చివరి వానాకాలం

సమితులు పోయి మండలాలు వచ్చాక నన్ను బోధన్‌కు మార్చారు. తాడుకు ఢోకా లేదు, పేరా కొత్త ఆఫీసుకు భద్రంగా బదిలీ అయింది. పోయేముందు తండాకు ఒకసారి పోయాను. ధర్మా నాయక్ చనిపోయి అప్పటికి రెండేళ్లు. సోనీబాయి భర్తతో తండాలోనే ఉంటోంది. ఆ తరువాత ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, రెండుసార్లూ పెనంలోనే వాగు దాటి దవాఖానకు పోయింది. పెనం నడిపే పని కూడా ఎక్కువగా ఆమే చూసేది.

అన్నేళ్లలో నేను ఎప్పుడు పోయినా ఆమె మంచినీళ్లు ఇచ్చేది, వేడి జొన్నరొట్టె పెట్టేది, పిల్లల చదువు గురించి అడిగేది. ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. మరిచిపోయి ఉంటుందని అనుకునేవాణ్ణి. లేకపోతే క్షమించి ఉంటుందని. అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

రొట్టె తిని, అందరికీ చెప్పి, సోనీబాయి వెంట వాగు ఒడ్డుకు వచ్చాను. పైన బాగా కురిసినట్టుంది, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇక మళ్లీ రానేమో అనిపించి, లోపల ఉన్నది కక్కేశాను.

"సోనీ, గా దినం మీ నాయిన వచ్చినప్పుడు తాడు మా గోదాంలనే ఉండె. నేనే ఇయ్యలే."

"ఎరికే సారూ. తాళంచెవి నీ అంగీ జేబులనే ఉండెనని మా నాయిన గా దినమే చెప్పిండు."

"మరి గిన్నేండ్లల్ల ఒక్క మాట గూడ అనలేదేంది?"

"అంటె నువ్వు సిగ్గువడి ఇటు దిక్కు రాకపోతుంటివి. నువ్వు రాకుంటె తాడెవలు కడుదురు?" కొంగు బిగించుకుని పెనాన్ని ఒడ్డుకు లాగింది. "ఇగ పోతున్నవ్ గదా, అందుకే ఇప్పుడంటున్న. నా కొడుకును నువ్వే సంపినవ్ సారూ."

గొంతు పెంచలేదు. నేను ఎక్కేదాకా పెనం అంచు కదలకుండా పట్టుకుని నిలబడింది. ఎక్కాక నా చేయి తీసి తాడు మీద పెట్టింది.

"గట్టిగ పట్టుకో. నీళ్లు జోరుగున్నయి."